కళ్ల కింద వరిగ గింజలు: సూది పెట్టే ముందు చదవండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నిజాంపేటలో ఉంటాను, మాదాపూర్‌లో ఉద్యోగం. ఎనిమిది నెలలుగా రెండు కళ్ల కింద, బుగ్గల మీద తెల్లటి చిన్న గింజల్లాంటివి వస్తున్నాయి. నొప్పి లేదు, దురద లేదు, గిల్లినా పోవు. పార్లర్‌లో సూదితో రెండు తీశారు. ఒకటి పోయింది, రెండో చోట నల్లమచ్చ మిగిలింది. మందుల షాపులో ఒక క్రీము ఇచ్చారు, రెండు నెలలుగా రాస్తున్నాను. ముఖం తెల్లబడింది గానీ గింజలు పెరిగాయి. ఇంతలో మా చెల్లికి పాప పుట్టింది, ఇవాళ్టికి పన్నెండో రోజు. పాప ముక్కు నిండా ఇలాంటివే ఉన్నాయి. నా నుంచి అంటుకున్నాయా? ఇరవై ఒకటో రోజున బారసాల. అప్పటికి తగ్గే ఉపాయం చెప్పండి.

సమాధానం:

ముందు పాప సంగతి తేల్చేస్తాను. మీ ప్రశ్నలో అసలు భయం అక్కడే కనిపించింది. మీ నుంచి పాపకు ఏమీ అంటుకోలేదు, పాప నుంచి మీకూ అంటుకోదు. పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి ముక్కు మీద, బుగ్గల మీద, గడ్డం మీద ఈ తెల్ల గింజలు ఉంటాయి. కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో వాటంతట అవే పోతాయి. మచ్చ కూడా మిగలదు. మందు లేదు, అవసరమూ లేదు.

చేయకూడనివి మాత్రం ఉన్నాయి. నలుగు పిండి ముద్దతో ముక్కు మీద రుద్దవద్దని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. నూనె రాసి వేలితో నలపడం, గోటితో గిల్లడం, తల్లిపాలు పూయడం, ఇవేవీ వద్దు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి మెత్తటి బట్టతో అద్దితే చాలు. కొందరు పిల్లలకు నోట్లో, అంగిలి మధ్య గీత మీద కూడా ముత్యాల్లాంటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని ఎప్‌స్టైన్ ముత్యాలు అంటాం. అవీ ఈ కుటుంబంలోవే, వాటంతట అవే పోతాయి. చాలా ఏళ్ల క్రితం ఒకావిడ మనవడి నోట్లో వాటిని చూసి, పై పళ్లతో పుట్టాడు, మేనమామకు గండమని ఇంట్లో శాంతి తలపెట్టారు. ఆ మేనమామే బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చాడు. ‘డాక్టర్ గారూ, ముందు నాకు ధైర్యం చెప్పండి’ అన్నాడు.

పసిపిల్లల ముఖం మీద కనిపించే ప్రతి పొక్కూ ఇదే కాదు. చుట్టూ ఎర్రబడి చీము పట్టినా, నీటి బుడగల్లా ఉన్నా, పాప పాలు సరిగా తాగకపోయినా, ఒళ్లు కాలుతున్నా బారసాల కోసం ఆగకండి. ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక మీ విషయం. నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. ఈ నగరంలోనే మొదట ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో, తర్వాత విద్యానగర్‌లో సొంత క్లినిక్‌లో కలిపి 26 ఏళ్లుగా చర్మాలు చూస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలన్నీ మిలియా అనే ఈ తెల్ల గింజల వైపే చూపిస్తున్నాయి. అందులో ప్రమాదం లేదు. మీ ప్రశ్న చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది గింజలు కావు. ‘ముఖం తెల్లబడింది’ అన్న ఒక్క మాట. దాని దగ్గరికి వస్తాను.

వీటిలో ఒక్కదాన్ని మిలియం అంటారు, లాటిన్‌లో ఆ మాటకు అర్థం చిరుధాన్యపు గింజ. మన వరిగలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పానికం మిలియేసియం, అందులో ఉన్నదీ ఈ మాటే. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు కొందరు నేనేమీ చెప్పకముందే ‘కొర్ర గింజల్లాంటివి లేచాయమ్మా’ అంటారు. లాటిన్ రాకపోయినా వ్యాధి పేరు సరిగ్గానే చెప్పినట్టు.

ఇవి ఎలా తయారవుతాయో తెలిస్తే సగం తప్పులు చేయరు. మన చర్మం పై పొర అడుగున పుడుతూ, పైన రాలుతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి చేరి, చచ్చి, కంటికి కనిపించని పొట్టుగా రాలిపోవడానికి వయసులో ఉన్నవాళ్లకు సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. ఆ పొట్టు నిండా ఉండేది కెరటిన్, అంటే గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే పదార్థమే. ముఖమంతా మనకు నూగు వెంట్రుకలు ఉంటాయి. ఆ నూగు మొలిచే సన్నటి గొట్టం లోపలి గోడ కూడా చర్మమే, అదీ పొట్టు రాలుస్తూనే ఉంటుంది. ఆ గోడలో కొంచెం భాగం సంచిలా ముడుచుకుని మూసుకుపోతే, లోపల రాలిన పొట్టుకు బయటపడే దారి ఉండదు. పొర మీద పొర పేరుకుని గట్టిపడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజ తయారవుతుంది. పైన పలుచటి చర్మం కప్పి ఉంటుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది.

తీసిన గింజను దూది మీద పెట్టి చూపిస్తే చాలామంది ‘అచ్చం ముత్యంలా ఉందే’ అంటారు. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల్లో దీనికి ధర పలకదు గానీ పోలిక తప్పేమీ కాదు, ముత్యమూ ఇలా పొరలు పొరలుగానే పెరుగుతుంది.

అంటే ఇది తలుపు లేని గది. మొటిమకు, బ్లాక్‌హెడ్‌కు ఎంత చిన్నదైనా ద్వారం ఉంటుంది. దీనికి లేదు. గిల్లినా పోవడం లేదన్నారు కదా, కారణం అదే. ఎంత నొక్కినా లోపలి గింజకు బయటికి వచ్చే చోటు లేదు. నలిగేది చుట్టూ ఉన్న చర్మం. కంటి కింద చర్మం ఒంట్లోకెల్లా పలుచన, కాబట్టి అక్కడ నలిగితే కమిలి నల్లబడటానికి ఒక్క నొక్కు చాలు. ఆవిరి పట్టడం వల్ల ఉపయోగం లేకపోవడానికీ ఇదే కారణం. ఆవిరికి తెరుచుకోవడానికి అక్కడ రంధ్రమే లేదు.

ఇందులో కొవ్వు లేదు, చీము లేదు, క్రిమి లేదు. కాల్షియం గడ్డకట్టిందని కొందరు కాల్షియం మాత్రలు మానేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరు ఏడాదిపాటు మానేసి వచ్చారు, పాపం. వేడి చేసిందని మామిడిపండ్లు, కోడికూర మానేసినవారికైతే లెక్క లేదు. మానేయాలనిపిస్తే మానేయండి, గింజలకు మాత్రం ఆ సంగతి తెలియదు. బోరు నీళ్ల మీద కూడా అందరికీ అనుమానమే. మన శివారు కాలనీల్లో బోరు నీళ్లు గడుసుగా ఉండి చర్మాన్ని ఎండబెడతాయి, నిజమే. అంతమాత్రాన మిలియా రాదు.

అద్దం ముందు మీరే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. పగటి వెలుగులో నిలబడి, గింజ పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా సాగదీయండి. మిలియా అయితే తెల్లదనం ఇంకా స్పష్టంగా, గుండ్రంగా కనిపిస్తుంది. తాకితే చర్మం కింద ఇసుక రేణువులా గట్టిగా తగులుతుంది. చుట్టూ ఎరుపు ఉండదు. నెలల తరబడి అదే పరిమాణంలో ఉంటుంది. మూసుకున్న మొటిమలు, అంటే వైట్‌హెడ్లు, ఎక్కువగా నుదురు, గడ్డం, దవడ మీద గుంపుగా వస్తాయి. ముఖం జిడ్డుగా ఉంటుంది, వాటి మధ్య ఒకటో రెండో బ్లాక్‌హెడ్లు, ఎర్ర మొటిమలు కనిపిస్తాయి.

కంటి కింద అందరూ పొరపడేది సిరింగోమా విషయంలో. ఇది చెమట నాళం నుంచి పుట్టే నిరపాయకరమైన బొడిపె. రంగు తెలుపు కాదు, మీ చర్మం రంగే, కాస్త పసుపు కలిసినట్టు ఉంటుంది. రెండు కింది రెప్పల మీదా సమానంగా, ఆడవాళ్లలో ఎక్కువగా, ఒక్కోసారి అమ్మకూ కూతురికీ కూడా ఉంటాయి. సూదితో గుచ్చితే లోపలి నుంచి గింజ రాదు, రక్తం వస్తుంది. మీకు పార్లర్‌లో ఒకటి పోయి, ఒకటి మచ్చగా మిగిలిందన్నారు. ఆ రెండోది సిరింగోమా కావచ్చు, లేదా సూది లోతుగా దిగి ఉండవచ్చు. రెండూ కలిసి ఉన్న ముఖాలు నేను చాలా చూశాను. అందుకే చేతిలోకి సూది తీసుకునే ముందు కంటికి భూతద్దం పెట్టుకోవాలంటాను.

కంటి లోపలి మూల దగ్గర, ముక్కుకు ఆనుకుని పసుపు రంగులో చదునుగా, వెన్న పూసినట్టు ఉంటే అది వేరే కథ. దాన్ని జాంథలాస్మా అంటారు, అందులో నిజంగానే కొవ్వు ఉంటుంది. అది ఉన్నవారిలో దాదాపు సగం మందికి రక్తంలో కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా ఉంటుంది. మచ్చ అందం సంగతి తర్వాత, ముందు పరగడుపున లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించాలి. ముఖం మీది మరక తీయించుకోవడానికి వచ్చి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినవారు నా దగ్గర ఉన్నారు, వాళ్లకు ఆ మరక మేలే చేసింది.

పిల్లల ముఖం మీద, మెడ మీద ముత్యాల్లా మెరుస్తూ, నడుమ బొడ్డులా చిన్న గుంట ఉంటే అది మొలస్కం అనే వైరస్ పని. అది అంటుకుంటుంది. ఒకే తువ్వాలు వాడే అన్నదమ్ములకు, ఈతకొలనులో కలిసి ఆడే పిల్లలకు పాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మెడ మీద, వీపు మీద గంటల్లో లేచే చెమటకాయల పేరు మిలియేరియా. పేరు దగ్గరగా ఉండటంతో గందరగోళపడతారు గానీ అది చెమట నాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చేది, చల్లబడితే పోతుంది. పెదవి అంచున కనిపించే పసుపు చుక్కలు పుట్టుకతో ఉన్న నూనె గ్రంథులే, వాటి జోలికి వెళ్లకండి.

పెద్దవాళ్లలో మిలియా ఎందుకు వస్తుంది? చాలామందిలో చూపించదగిన కారణం ఏదీ దొరకదు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కారణం దొరికే రెండో రకం ఉంది, దాని గురించే ఎక్కువ చెప్పాలి. చర్మానికి దెబ్బ తగిలి మానేటప్పుడు, కొత్త చర్మం పైకి పెరుగుతూ తెగిన గొట్టాల ముక్కలను కింద మూసేస్తుంది. మూసిన చోట గింజ పుడుతుంది. సంక్రాంతికి అరిసెలు వండుతుంటే నూనె చింది మణికట్టు కాలినావిడ, పుండు మానాక మచ్చలోనే తెల్ల గింజలు లేచాయని మార్చిలో వస్తుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరి, స్కూటర్ సైలెన్సర్ తగిలి కాలడం, లోతుగా చేసిన లేజర్, చర్మం గీకే చికిత్సలు, బొబ్బలు లేచే జబ్బులు, అన్నింటి తర్వాతా ఇలా రావచ్చు. ఏళ్ల తరబడి ఎండ తగిలిన ముఖాల్లోనూ ఎక్కువ.

ఇక్కడ ఒక విచిత్రం చెబుతాను. పులిపిర్లు, పుట్టుమచ్చలు పోవడానికి సున్నం, చాకలి సోడా కలిపి పెట్టే పాత అలవాటు మన నగరంలో ఇప్పటికీ పోలేదు. కొందరు ఈ తెల్ల గింజల మీద కూడా పెడతారు. ఇంకొందరు టూత్‌పేస్టు, నిమ్మరసం పూస్తారు. సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది. కాలిన చోట పుండు పడి, మచ్చ కట్టి, ఆ మచ్చలో మళ్లీ మిలియా మొలుస్తుంది. ఒక గింజ కోసం పెట్టిన సున్నానికి నాలుగు గింజలు లేచిన బుగ్గను నేను చూశాను.

ఇప్పుడు మీ క్రీము. రెండు నెలల్లో ముఖం తెల్లబడిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని నా బలమైన అనుమానం. ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. మొమెటసోన్ పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటే అది మంగుమచ్చల కోసం డాక్టర్లు కొద్ది వారాలకు రాసే మూడు మందుల కలయిక. అందులోని ట్రెటినాయిన్ నిజానికి మీ గింజలకు పనికొచ్చే మందే. పక్కన కూర్చున్న స్టెరాయిడ్‌తోనే పేచీ.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. సరైన జబ్బుకు, సరైన రోజులకు అమృతం లాంటిది, నేనే రోజూ రాస్తాను. ముఖానికి సొంతంగా నెలల తరబడి రాస్తే మాత్రం చర్మాన్ని పలుచన చేస్తుంది. మొదటి వారాల్లో తెల్లగా, నున్నగా అనిపిస్తుంది, అందుకే మానాలనిపించదు. తర్వాత ఎర్రటి సన్న నరాలు తేలతాయి, ఎండలోకి వెళితే మండుతుంది, మొటిమలు, నూగు పెరుగుతాయి. మిలియా కూడా పెరుగుతుంది. కళ్ల చుట్టూ ఎక్కువకాలం రాస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదమూ ఉంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఒక ట్యూబు గదిలోని నలుగురు అమ్మాయిల మధ్య తిరుగుతుంది. పెళ్లి చూపులకు నెల ముందు మొదలుపెట్టినవాళ్లు పెళ్లయిన ఆరు నెలలకు దుపట్టాతో ముఖం కప్పుకుని నా దగ్గరికి వస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. చీటీ అడగని కౌంటర్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కళ్ల కింద రాయడం ఇవాళే మానేయండి. మిగతా ముఖానికి కూడా మానాల్సిందే, కాకపోతే ఉన్నట్టుండి ఆపితే కొందరికి ముఖం ఎర్రబడి, మండి, మొటిమలు లేస్తాయి. అది చూసి ‘క్రీము ఉన్నప్పుడే బాగుంది’ అని మళ్లీ మొదలుపెడతారు, ఇక ఆ సుడిలోంచి బయటపడటం కష్టం. అందుకే ఈ వారమే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఒక్కసారిగా ఆపాలా, క్రమంగా తగ్గించాలా అన్నది చర్మం చూసి వాళ్లు చెబుతారు. గింజల కంటే ముందు తేలాల్సిన పని ఇదే.

గింజలు తీయడం ఆ తర్వాత. నిజం చెప్పాలంటే తీయకపోయినా నష్టం లేదు. పెద్దవాళ్లలో కూడా కొన్ని వాటంతట అవే పోతాయి, కాకపోతే పిల్లల్లోలా వారాల్లో కాదు, నెలలు పట్టవచ్చు, ఏళ్లూ ఉండవచ్చు. తీయాలనుకుంటే పద్ధతి చాలా చిన్నది. చర్మాన్ని శుభ్రం చేసి, భూతద్దం పెట్టుకుని, కొత్త సన్న సూది మొనతో గింజ మీది పలుచటి కప్పును పక్కవాటుగా చీలుస్తాం. లోతుకు గుచ్చడం కాదు, పైకప్పుకు కిటికీ కోయడం. తర్వాత చిన్న గరిటెలాంటి పరికరంతో మెల్లగా నొక్కితే గింజ మొత్తంగా బయటికి వస్తుంది. ఒక్కోదానికి నిమిషం పట్టదు. చురుక్కుమంటుంది, అంతే. భయపడేవారికి ముందుగా మత్తు క్రీము రాస్తాం. రెండు మూడు రోజులు చిన్న పక్కు కట్టి రాలిపోతుంది. చాలా ఎక్కువగా ఉంటే రేడియో తరంగాల పరికరంతోనో, లేజర్‌తోనో తీస్తారు. పది పన్నెండు గింజలకు లేజర్ ప్యాకేజీ కొనమని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. డబ్బు ఇబ్బంది ఉంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాల ఓపీలు ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడే ఓపిక కావాలి, అక్కడి చేతులకు ఉన్న అనుభవం మాత్రం తక్కువది కాదు.

ఇంత చిన్న పనికి డాక్టరెందుకు, యూట్యూబ్ చూసి ఇంట్లోనే తీసుకుంటామంటారు కొందరు. మన గోధుమ రంగు చర్మానికి ఒక గుణం ఉంది. ఎక్కడ చిన్న గాయమైనా మానేటప్పుడు అక్కడ రంగు ఎక్కువగా పోస్తుంది. మీ నల్లమచ్చ అదే. అది నెలల తరబడి ఉంటుంది. తెల్ల గింజ ఎదుటివారికి దగ్గరికి వస్తే తప్ప కనిపించదు, నల్లమచ్చ వీధి అవతలికి కనిపిస్తుంది. పార్లర్ సూదితో ఇంకో భయం ఉంది. ఒకరికి వాడిన సూదిని డెటాల్‌లో ముంచి మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పాకే అవకాశం ఉంటుంది. పార్లర్‌లో కనుబొమలు తీర్చుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. చర్మాన్ని చీల్చే పని మాత్రం ఎదురుగా కొత్త సూది కవరు చింపే చోటే చేయించుకోండి.

కొత్తవి తగ్గడానికి రాత్రిపూట రాసే మందులు ఉన్నాయి. అడపలిన్ 0.1 శాతం గానీ, ట్రెటినాయిన్ 0.025 శాతం గానీ. ఇవి చర్మం పొట్టు రాల్చే వేగాన్ని సరిచేస్తాయి. ముఖమంతటికీ శనగ గింజంత చాలు, మొదట వారానికి రెండు మూడు రాత్రులు మాత్రమే. రెప్పల మీద, కంటికి మరీ దగ్గరగా రాయకూడదు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మొదటి వారాల్లో చర్మం ఎండి పొట్టు లేస్తుంది. గర్భం ఉన్నవారు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవారు వీటిని వాడకూడదు. మీ చర్మం ఇప్పుడు స్టెరాయిడ్‌తో పలుచబడి ఉండవచ్చు, ఈ స్థితిలో వీటిని సొంతంగా మొదలుపెడితే ముఖం కాలినట్టవుతుంది. అందుకే పేర్లు చెప్పాను గానీ కొనుక్కోమనడం లేదు.

మళ్లీ రాకుండా ఏం చేయాలని అందరూ అడుగుతారు. పూర్తిగా ఆపే మంత్రం లేదు. నా పేషెంట్లలో తేడా చూపించిన అలవాట్లు మాత్రం కొన్ని ఉన్నాయి. కంటి కింద నల్లటి వలయాలు పోవాలని, రెప్పవెంట్రుకలు పెరగాలని రాత్రిళ్లు ఆముదం, కొబ్బరినూనె, నెయ్యి దట్టంగా పూసి పడుకునేవారు ఎక్కువ. ఆ పూత ఆపించిన తర్వాత కొత్త గింజలు తగ్గడం చాలాసార్లు చూశాను. ఖరీదైన విదేశీ కంటి క్రీములకూ ఇదే వర్తిస్తుంది, జిడ్డుకు ఊరూ పేరూ ఉండదు. కళ్ల కింద ఏదైనా రాయాలంటే బియ్యపు గింజంత, అదీ జెల్‌లా పలుచగా ఉండేది చాలు. మేకప్, కాటుక రాత్రికి తుడిచి కడగకుండా పడుకోకండి. ముఖం రోజుకు రెండుసార్లు తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడిగితే సరిపోతుంది. అక్రోటు పెంకు పొడి ఉన్న స్క్రబ్బులు, గరుకు తువ్వాళ్లు కంటి కిందికి రానివ్వకండి. సున్నిపిండి ఒంటికి బ్రహ్మాండం, ఆ సువాసన నాకూ ఇష్టమే. కంటి కింద రుద్దడానికి మాత్రం కాదు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. నిజాంపేట నుంచి మాదాపూర్‌కు బండి మీద వెళ్లేవారైతే ఉదయం తొమ్మిదింటి ఎండే మీ బుగ్గల మీద పడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న జెల్ రకం సన్‌స్క్రీన్‌ను ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా తీసుకుని రాయండి. గోరంత రాసి పని చేయలేదంటే దాని తప్పు కాదు. మన అమ్మాయిలు ముఖానికి చున్నీ చుట్టుకుని హెల్మెట్ పెట్టుకుంటారు, మంచి అలవాటే, కాకపోతే ఆ చున్నీని రోజూ ఉతకాలి. పార్లర్ మచ్చ త్వరగా పలుచబడాలన్నా మొదటి మందు సన్‌స్క్రీనే.

ఒకటి రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయవద్దు. 50 దాటినవారికి ముఖం మీద ముత్యంలాంటి ఒకే బొడిపె నెలనెలా పెరుగుతూ, మధ్యలో పుండుపడి రక్తం వస్తూ మానకపోతే అది మిలియా కాదు. ఒక రకం చర్మ క్యాన్సర్ అలా మొదలవుతుంది. మన చర్మాల్లో అరుదే గానీ డాక్టరుకు చూపించి, అది కాదని తేల్చుకోవాలి. చేతుల మీద ఎండకు బొబ్బలు లేచి, అవి మానిన చోట గింజలు వస్తున్నా, చెవి వెనక ఎర్రటి పట్టీలా గుంపుగా లేచినా ఇంట్లో తేల్చుకునే విషయం కాదు.

బారసాల విషయానికి వస్తే, తొమ్మిది రోజుల్లో పాప గింజలు పోవచ్చు, పోకపోవచ్చు. ఫొటోల కోసం ముఖానికి పౌడరు, క్రీము పూయకండి. మీరు కూడా ఫంక్షన్‌కు ముందు ఫేషియల్, బ్లీచ్ చేయించుకోవద్దు. స్టెరాయిడ్ అలవాటైన చర్మం బ్లీచ్‌కు ఎలా మండుతుందో ఆ వారంలో నా క్లినిక్‌కు వచ్చే పెళ్లివారిని అడిగితే చెబుతారు.

ఆ క్రీము ట్యూబును కోపంతో చెత్తబుట్టలో వేయకండి. చీటీ లేకుండా కొన్నారు కాబట్టి అందులో ఏముందో, ఎంత బలమైనదో డాక్టరుకు తెలియడానికి అదొక్కటే ఆధారం. సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి, పార్లర్‌లో రాసిన మందు పేరేదైనా గుర్తుంటే అదీ ఒక కాగితం మీద రాసుకోండి.